చ్వెన్‌జౌకి దారి: నరసింహస్వామి ఉన్న చైనా ఊరిని చూసి రావడం ఎలా?

చైనాలో ఫూజియన్ రాష్ట్రం, తైవాన్ జలసంధి ఒడ్డున చ్వెన్‌జౌ అనే ఊరు ఉంది. అక్కడి కైయువాన్ బౌద్ధాలయానికి వచ్చిన జనం ప్రధాన మందిరం ముందు దండం పెట్టుకుని, ఫొటో దిగి వెళ్లిపోతుంటారు. మీరు మాత్రం మందిరం చుట్టూ తిరిగి వెనక వసారాలోకి వెళ్లండి. అక్కడ పదహారు పలకల నల్లరాతి స్తంభాలు రెండు కనిపిస్తాయి. వాటి మీద గుండ్రటి చట్రాల్లో చిన్న చిన్న శిల్పాలుంటాయి. ఒకదాంట్లో హిరణ్యకశిపుణ్ణి చీలుస్తున్న నరసింహుడు. ఇంకోదాంట్లో గజేంద్రమోక్షం. మరోచోట జంట మద్దిచెట్ల మధ్య చిన్నికృష్ణుడు. కింద రాసిన బోర్డు అక్కర్లేకుండానే ఆ కథలన్నీ మనకు తెలుసు. మన ఊరి గుడి గోడ మీద చూసినవే, చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర విన్నవే.

ఇవి ఇక్కడికెలా వచ్చాయో తెలిస్తే ఊరంతా వేరే రకంగా కనిపిస్తుంది. అందుకే చరిత్రతో మొదలుపెట్టి, ఆ తర్వాత టికెట్లు, తిండి, కొండల సంగతి చెబుతాను.

ముందు ఈ కథ తెలుసుకోండి

వెయ్యేళ్ల కిందట, సోంగ్, యువాన్ రాజవంశాల కాలంలో, ప్రపంచంలోని అతిపెద్ద రేవుల్లో చ్వెన్‌జౌ ఒకటి. అరబ్బులు, పారశీకులు, తమిళ వర్తకులు ఇక్కడ ఇళ్లు కట్టుకుని ఉండేవారు. ఊరి చుట్టూ నాటిన ముళ్లకాండపు, ఎర్రపూల బాడిస చెట్ల చైనీస్ పేరే ఊరి మారుపేరైంది. విదేశీయులు దాన్నే 'జైతూన్' అని పలికారు. 'శాటిన్' బట్ట పేరు కూడా ఇందులోంచే వచ్చిందని చాలామంది అంటారు. 1281లో ఇక్కడ శివుడి విగ్రహాన్ని ప్రతిష్ఠించినట్టు తమిళ శాసనం ఉంది. అంటే కుబ్లాయ్ ఖాన్ పాలిస్తుండగా చైనాలో ఒక శివాలయం వెలిసిందన్నమాట. 14వ శతాబ్దపు అల్లర్లలో విదేశీయుల గుళ్లు, ఇళ్లు కూలిపోయాయి. ఆ రాళ్లను తర్వాతివాళ్లు గోడలకీ, మందిరాలకీ వాడుకున్నారు. మీరు చూసే నరసింహుడు అలా మిగిలినవాడే.

మార్కో పోలో చైనా నుంచి తిరుగు ప్రయాణంలో ఓడ ఎక్కింది ఈ జైతూన్‌లోనే. ఆయన వర్ణించిన మరో రేవు 'ముత్‌ఫిలి', అంటే మన బాపట్ల జిల్లాలోని మోటుపల్లి. అక్కడి వివేకవంతురాలైన రాణి గురించీ, వజ్రాల గురించీ, సాలెగూడంత సన్నని బట్టల గురించీ రాశాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల మాట. ఆమె తండ్రి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనంలో సుంకాల పట్టిక ఉంది. ఆ పట్టికలో చీనా కర్పూరం కూడా ఉంది.

2021లో యునెస్కో ఈ ఊళ్లోనూ చుట్టుపక్కలా ఉన్న 22 స్థలాలను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ 22నీ లెక్కపెట్టుకుంటూ తిరగొద్దని నా సలహా. నాలుగు రోజులుంటే, కింద చెప్పిన వరుసలో ఒక డజను చాలు.

పేరు సరిగ్గా పట్టుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఇక్కడ పొరపాటు పడితే ఖరీదైన పొరపాటే. చ్వెన్‌జౌ పేరు ఇంగ్లీషులో 'క్యూ' అక్షరంతో మొదలవుతుంది. మనవాళ్లు వ్యాపారానికి వెళ్లే గ్వాంగ్‌జౌ 'జీ'తో మొదలవుతుంది. రెండూ వేర్వేరు రాష్ట్రాల్లో, వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. టికెట్ కొనేముందు అక్షరం అక్షరం చూసుకోండి.

రైల్వే స్టేషన్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. 2023 సెప్టెంబరులో కొత్త హైస్పీడ్ లైను వచ్చాక చ్వెన్‌జౌ తూర్పు, చ్వెన్‌జౌ దక్షిణం అనే స్టేషన్లు కూడా వచ్చాయి. పాత ఊరికి దగ్గరగా ఉండేది ఏ దిక్కూ తగిలించని, ఒట్టి 'చ్వెన్‌జౌ' స్టేషన్.

వీసా, సమయం, ప్రయాణం

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు వీసా తప్పనిసరి. ఐదేళ్ల విరామం తర్వాత 2025 జూలైలో చైనా మనవాళ్లకు టూరిస్ట్ వీసాలు మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆన్‌లైన్ ఫారం నింపి, అపాయింట్‌మెంట్ ప్రకారం వీసా కేంద్రంలో కాగితాలు ఇవ్వాలి. రానూపోనూ టికెట్లు, హోటల్ బుకింగులు, రోజువారీ ప్రణాళిక ఒకదానితో ఒకటి సరిపోవాలి. కాబట్టి రద్దు చేసుకునే వీలున్న హోటళ్లే ముందు బుక్ చేయండి.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు ఒక ముఖ్యమైన మాట. మీది అమెరికా పాస్‌పోర్టు అయితే, మరో దేశానికి వెళ్తూ మధ్యలో 240 గంటల వరకు వీసా లేకుండా ఆగే పద్ధతి ఉంది. చ్వెన్‌జౌకి దగ్గర్లోని షియామెన్ నగరంలో దిగి, ఫూజియన్ చూసి, అక్కడినుంచి సింగపూర్ మీదుగా హైదరాబాదు వచ్చేలా టికెట్ తీసుకుంటే ఇండియా ప్రయాణంలోనే ఈ ఊరు చూసేయొచ్చు. గ్రీన్ కార్డు, హెచ్1బి మీద ఉండి భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు మాత్రం ఇది వర్తించదు. నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజు మరోసారి చూసుకోండి.

అక్టోబరు రెండో వారం నుంచి డిసెంబరు దాకా బాగుంటుంది. చెమట తక్కువ, ఆకాశం తేట. అక్టోబరు మొదటి వారం చైనా జాతీయ సెలవులు, ఆ వారం మాత్రం వద్దు. జూలై నుంచి సెప్టెంబరు దాకా తుపానుల కాలం. 2023 జూలై 28న 'డోక్సురి' తుపాను తీరం దాటింది ఈ చ్వెన్‌జౌ దగ్గరే. చైనా కొత్త సంవత్సరం మొదలైన పదిహేనో రోజున వచ్చే లాంతర్ల పండుగకు ఊరు వెలిగిపోతుంది. రద్దీని ఓర్చుకోగలిగితే ఆ సమయానికి వెళ్లండి.

హైదరాబాదు నుంచైతే కౌలాలంపూర్, సింగపూర్, బ్యాంకాక్, హాంకాంగ్‌లలో ఒకచోట విమానం మారి షియామెన్ చేరడం తేలిక. 'షియామెన్ ఉత్తరం' స్టేషన్ నుంచి హైస్పీడ్ రైల్లో చ్వెన్‌జౌకి సుమారు అరగంట. కొన్న టికెట్ పాస్‌పోర్టుకే జతవుతుంది, స్టేషన్లో అదే చూపించాలి. ఆటోమేటిక్ గేటు మన పాస్‌పోర్టు తీసుకోకపోతే పక్కనే సిబ్బంది ఉండే దారిలో వెళ్లండి. సెక్యూరిటీ చెకింగ్ ఉంటుంది కాబట్టి 40 నిమిషాలు ముందే చేరుకోండి.

ఇంట్లోనే ఫోన్ సిద్ధం చేసుకోండి

చైనాలో దిగాక చేద్దాంలే అనుకుంటే టెన్షన్ తప్పదు. బయల్దేరే వారం ముందే ఈ పనులు పూర్తి చేయండి.

డబ్బు చెల్లించే యాప్‌లు అలీపే, వీచాట్ రెండూ ఎక్కించుకుని, పాస్‌పోర్టు వివరాలిచ్చి, అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసిన వీసా లేదా మాస్టర్ కార్డు జతచేయండి. రూపే కార్డు మీద ఆధారపడకండి. తోపుడుబండి దగ్గర కూడా క్యూఆర్ కోడే నడుస్తుంది. విదేశీ కార్డుతో 200 యువాన్ల లోపు చెల్లింపులకు అదనపు చార్జీ ఉండదు, ఆ పైన 3 శాతం పడుతుంది. 2025లో ఒక యువాన్ అంటే సుమారు 12 రూపాయలు. ఎందుకైనా మంచిది, నాలుగైదు వందల యువాన్ల నోట్లు కూడా దగ్గర పెట్టుకోండి.

గూగుల్, వాట్సాప్ అక్కడి ఇంటర్నెట్‌లో పనిచేయవు. మన సిమ్‌తో రోమింగ్ గానీ, విదేశీ ఈ-సిమ్ గానీ వాడితే సాధారణంగా పనిచేస్తాయి. దారి కోసం 'ఆమ్యాప్', ట్యాక్సీ కోసం అలీపేలోనే ఉండే 'దీదీ' చాలు. అనువాదం యాప్‌లో చైనీస్ భాషను ఆఫ్‌లైన్‌లో దించుకోండి. హోటల్ పేరు, చిరునామా చైనీస్ లిపిలో స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

బస పాత ఊళ్లోనే, కైయువాన్ గుడి ఉన్న పడమటి వీధికి నడిచి వెళ్లగలిగే దూరంలో తీసుకోండి. ఎర్ర ఇటుకల పాత ఇళ్లను చిన్న లాడ్జీలుగా మార్చినవి అందంగా ఉంటాయి. అయితే విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లను చేర్చుకుంటారా అని ముందే మెసేజ్ పెట్టి అడగండి. హోటళ్లు మీ వివరాలు పోలీసులకు తామే నమోదు చేస్తాయి. స్నేహితుల ఇంట్లో ఉంటే 24 గంటల్లో ఆ పని మీరే చేసుకోవాలి.

మొదటి రోజు: గుడి, గోపురాలు, పడమటి వీధి

పొద్దున్నే, యాత్రికుల గుంపులు రాకముందే కైయువాన్ గుడికి వెళ్లండి. 686లో వెలిసిన గుడి ఇది. ప్రవేశం ఉచితం. ఇక్కడ రెండు గంటలైనా గడపండి, గడపకపోతే తర్వాత బాధపడతారు.

వరుస ఇలా పెట్టుకోండి. ముందు జంట రాతి గోపురాలు. తూర్పుది సుమారు 48 మీటర్లు, పడమటిది సుమారు 45 మీటర్లు. రెండూ 13వ శతాబ్దంలో రాతితో కట్టినవి. పడమటి గోపురం నాలుగో అంతస్తు మీద కత్తి పట్టుకున్న కోతిముఖం వీరుడి శిల్పం ఉంది. మన హనుమంతుడికీ చైనా కథల్లోని కోతిరాజుకీ సంబంధం ఉందా అని పండితులు వాదించుకునే చోట ఈ శిల్పం పేరు తప్పకుండా వస్తుంది. కింద నుంచి కళ్లతో పట్టుకోవడం కష్టం. ఫోన్ జూమ్ వాడండి.

తర్వాత ప్రధాన మందిరం ముందున్న అరుగు అంచు చూడండి. మనిషి ముఖం, సింహం ఒళ్లు ఉన్న శిల్పాలు డెబ్బైకి పైగా వరుసగా కనిపిస్తాయి. ఇవీ కూలిన గుడి రాళ్లే. లోపల దూలాల కింద రెక్కలున్న దేవకన్యలు 24 మంది వాయిద్యాలు, కానుకలు పట్టుకుని ఎగురుతుంటారు. అప్పుడు వెనక వసారాకు వెళ్లండి. ఫ్లాష్ వాడకండి, రాతిని తాకకండి. ఈ గుడిలో ఇప్పటికీ పూజ జరుగుతుంది.

పక్కనే ఉన్న ఓడ మందిరాన్ని దాటేయకండి. 1974లో హౌజు రేవు బురదలోంచి తవ్వి తీసిన సోంగ్ కాలపు ఓడ అందులో ఉంది. మిగిలిన భాగమే 24 మీటర్ల పొడవు. లోపల 13 గదులు విడివిడిగా ఉంటాయి. ఒకదాంట్లోకి నీరొచ్చినా మిగతావి మునగకుండా చేసిన ఏర్పాటు అది. సుగంధపు చెక్కలు, మిరియాలు ఇంకా లోపల ఉండగానే దొరికింది. గుడిలోని స్తంభాలు ఆ రాళ్లు చెక్కించినవాళ్ల గురించి చెబితే, వాళ్లలాంటి వర్తకుల సరుకు ఎలాంటి ఓడల్లో తిరిగిందో ఈ చెక్క చెబుతుంది.

సాయంత్రం పడమటి వీధి. పెద్ద వీధిలో దుకాణాల హడావుడి ఎక్కువ, అక్కడ అరగంట చాలు. అసలు ఊరు సందుల్లో ఉంది. ఎర్ర ఇటుకలు, పిచ్చుకతోకలా రెండువైపులా పైకి లేచిన ఇంటికప్పులు, గుమ్మంలో చిన్న టీ బల్ల పెట్టుకుని కూర్చున్న తాతలు. కాళ్లు నొప్పెడితే పాత ఊళ్లో తిరిగే బుల్లి తెల్ల ఎలక్ట్రిక్ బండ్లున్నాయి. కొద్ది యువాన్లతో ఎక్కేయొచ్చు.

తిండి: ఏం తినాలి, ఏం అడగాలి

ముందే చెబుతున్నాను, ఈ ఊరి వంటలో కారం దాదాపు ఉండదు. సముద్రపు చేపలు, నత్తలు, పంది మాంసం, వేరుశనగ, అల్లం, తీపి దుంప పిండి. వీటితోనే వంటంతా నడుస్తుంది. రుచి మెత్తగా, కమ్మగా ఉంటుంది. మొదటి పూట చప్పగా అనిపించినా రెండో రోజుకు నాలుక సర్దుకుంటుంది.

పొద్దున 'మియెన్ షియెన్ హు'తో మొదలుపెట్టండి. మన సేమ్యా కన్నా సన్నని గోధుమ పోగులను ఎముకల పులుసులో కరిగేదాకా ఉడికించిన జావ ఇది. గిన్నె ముందు పళ్లేల్లో రకరకాల చేర్పులుంటాయి. ఆయిస్టర్లు (ఆల్చిప్పలు), వెనిగర్‌లో నానబెట్టి వేయించిన పంది మాంసం, పేగులు, గుడ్డు. పేర్లు రాకపోయినా వేలితో చూపిస్తే వేస్తారు. ధర మీరు ఎంచుకున్న చేర్పులను బట్టి ఉంటుంది. పైన తెల్ల మిరియాల పొడి చల్లి, కరకరలాడే పొడవాటి పిండి కాడలు ముంచుకుని తినాలి. వేడి తగ్గితే జావ బిగుసుకుపోతుంది, కాబట్టి ఫొటోలు తర్వాత.

మధ్యాహ్నానికి ఆయిస్టర్ అట్టు. తీపి దుంప పిండి, గుడ్డు, ఆయిస్టర్లు కలిపి పెనం మీద అంచులు ఎర్రబడేదాకా కాలుస్తారు. వెదురాకుల్లో చుట్టి ఉడికించిన జిగురు బియ్యం పొట్లం 'రోవ్ జోంగ్' ఇంకొకటి. లోపల పంది మాంసం, పుట్టగొడుగులు, చెస్ట్‌నట్ గింజ ఉంటాయి.

రాత్రికి అల్లం బాతు, 'జియాంగ్ మూ యా'. ఈ ఊళ్లో ఒక్క పూటే తినగలిగితే నేను చెప్పేది ఇదే. ముదురు అల్లం ముక్కలు, వేయించిన నువ్వుల నూనె, బియ్యపు సారాయి వేసి మట్టికుండలో బాతును నెమ్మదిగా మగ్గబెడతారు. దుకాణం ముందు కుండలు వరుసగా ఉడుకుతుంటే ఆ వాసన సందు మొదట్లోనే తగులుతుంది. చలికాలంలో ఒంటికి వేడి చేస్తుందని అక్కడివాళ్లు తింటారు. బాతు కన్నా అడుగున మిగిలే అల్లం ముక్కలు ఇంకా రుచి.

ధైర్యం ఉన్నవాళ్లకు 'తూ సున్ దోంగ్'. సముద్రపు బురదలో బతికే పురుగులను ఉడికించి చల్లారిస్తే, వాటి జిగురుతోనే నీరు గడ్డకట్టి పారదర్శకమైన జెల్లీ అవుతుంది. వెనిగర్, వెల్లుల్లి, ఆవపిండి ముద్దతో తింటారు. పేరు వింటే వెనకాడతాం కానీ రుచిలో చల్లని నత్త మాంసంలా ఉంటుంది. బలవంతంగా మాత్రం తినొద్దు, ఎవరినీ బలవంతం చేయొద్దు.

గొడ్డు మాంసం తినని వాళ్లు జాగ్రత్తగా ఉండాలి. ఈ ఊళ్లో దాని పులుసు, అన్నం బాగా ప్రసిద్ధి. 'నియు' అన్న మాట వినిపిస్తే అది గొడ్డు మాంసం. విడిగా 'రోవ్' అన్నారంటే చాలాసార్లు పంది మాంసం. ఈ రెండు లిపి గుర్తులూ ఫోన్‌లో దాచుకుని మెనూతో పోల్చి చూసుకోండి.

శాకాహారులకు కష్టమే కానీ అసాధ్యం కాదు. 'వో ఛ్ సూ' అంటే 'నేను శాకాహారిని'. అది చాలదు. మాంసం వద్దు, చేప వద్దు, ఎముకల నీళ్లు వద్దు, పంది కొవ్వు వద్దు, ఆయిస్టర్ సాస్ వద్దు అని విడివిడిగా చైనీస్‌లో రాయించి చూపించండి. కూరగాయల వేపుడులోనూ పంది కొవ్వు వేసే అలవాటుంది. పెద్ద బౌద్ధాలయాల దగ్గర శాకాహార హోటళ్లు ఉంటాయి, అక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. షియామెన్‌లో ఆగితే నాన్‌పుథువో గుడి శాకాహార భోజనం తప్పక చేయండి. తీపిలో మాత్రం శాకాహారులకు పండగే. వేరుశనగ గింజలు నోట్లో కరిగిపోయేలా ఉడికించిన పాయసం లాంటి పులుసు, సముద్రపు నాచుతో చేసిన జెల్లీ మీద తేనె నీళ్లు, పెసలు, తామర గింజలు, చల్లని పాకం కలిపిన 'స్ గువో థాంగ్' ఉన్నాయి.

ఇంటి నుంచి పట్టుకెళ్లేవి ఆలోచించి సర్దుకోండి. తాజా పళ్లు, కూరగాయలు, మాంసం, పాల పదార్థాలు చైనా కస్టమ్స్ లోపలికి రానివ్వదు.

రెండో రోజు: మ్యూజియం, ఒకే వీధిలో మూడు మతాలు, రాత్రి పాట

సముద్ర వాణిజ్య మ్యూజియానికి పొద్దున వెళ్లండి. ప్రవేశం ఉచితం, పాస్‌పోర్టు పట్టుకెళ్లండి. సోమవారం సెలవు. రాతి శాసనాల, శిల్పాల విభాగమే మీకు ముఖ్యం. శంఖచక్రాలతో నిలబడ్డ విష్ణుమూర్తి, గుడి ద్వారబంధాల ముక్కలు, అరబిక్ సమాధి రాళ్లు, తామరపువ్వు మీద శిలువ చెక్కిన క్రైస్తవ రాళ్లు పక్కపక్కనే ఉంటాయి.

మధ్యాహ్నం తూమెన్ వీధి. 1009లో మొదలైన చింగ్‌జింగ్ మసీదు, దాని దగ్గర్లోనే వీరుడు గ్వాన్‌యూ గుడి, కాస్త ముందుకెళ్తే కన్ఫ్యూషియస్ మందిరం. మసీదు రాతి ముఖద్వారం నిలిచింది, ప్రార్థనామందిరం కప్పు నిలవలేదు. ఆకాశం కింద ఖాళీగా ఉన్న ఆ గోడల మధ్య కొద్దిసేపు నిలబడండి. గ్వాన్‌యూ గుడిలో నెలవంక ఆకారంలో ఎర్రటి చెక్క ముక్కలు రెండు నేల మీద వేసి దేవుణ్ణి ప్రశ్న అడుగుతుంటారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే 'సరే' అన్నట్టు. ఇది వాళ్ల నమ్మకం. పక్కన నిశ్శబ్దంగా నిలబడి చూడండి, ముఖాల మీద కెమెరా పెట్టకండి.

రాత్రికి నాన్‌యిన్ సంగీతం వినాలి. కన్ఫ్యూషియస్ మందిరం ప్రాంతంలో సాయంత్రాలు కచేరీలు జరుగుతుంటాయి. ఆ రోజు ఉందో లేదో హోటల్ వాళ్లనడిగి తెలుసుకోండి. 2009లో యునెస్కో గుర్తించిన కళ ఇది. పిపా అనే తంత్రీవాద్యాన్ని చైనాలో మిగతాచోట్ల నిలువుగా పట్టుకుంటారు, ఇక్కడ అడ్డంగా ఒళ్లో పెట్టుకుంటారు. పాడేవాళ్లే చేతిలో చెక్క పలకలతో తాళం వేస్తారు. పాట చాలా నెమ్మది. ఒక్క అక్షరం మీద స్వరం ఊగుతూ ఊగుతూ పోతుంది. విలంబకాలంలో పాడే కృతి వినే అలవాటున్న చెవికి త్వరగా పడుతుంది. అర్థం కోసం వెతక్కుండా తాళం పట్టుకోండి.

దారపు బొమ్మలాట దొరికితే అదీ వదలకండి. ఒక్కో బొమ్మకు పదహారుకు తక్కువ కాకుండా దారాలుంటాయి. తోలుబొమ్మలాట చూసి పెరిగినవాళ్లకు ఆ వేళ్ల పని విలువ తెలుస్తుంది.

మూడో రోజు: వంతెన, పూలు

లుయోయాంగ్ వంతెన పాత ఊరికి ఈశాన్యంగా ఉంది. ట్యాక్సీలో వెళ్లండి. బయల్దేరే ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోవడం ముఖ్యం. నీరు తీసినప్పుడు వెళ్తేనే స్తంభాల అడుగులు కనిపిస్తాయి. 1053 నుంచి 1059 వరకు, అధికారి ఛాయ్ షియాంగ్ ఆధ్వర్యంలో కట్టారు. నది సముద్రంలో కలిసేచోట అలల పోటుకు పునాది నిలవదు. అందుకని నది అడుగున అడ్డంగా రాళ్లు పోసి, వాటి మీద ఆయిస్టర్లను పెంచారు. అవి పెరిగి రాళ్లను ఒకదానికొకటి అతికించేశాయి. సిమెంటు లేని రోజుల్లో ప్రాణమున్న సిమెంటు. పోటు వచ్చినప్పుడు పడవల మీద రాతి దూలాలు తెచ్చి, నీరు తీసేటప్పుడు వాటిని స్తంభాల మీద దించారు. ఈ ఒక్క వంతెన దగ్గర గంటన్నర కూర్చున్నా విసుగు రాదు. ఇప్పటికీ అక్కడ బురదలో ఆయిస్టర్లు ఏరే ఆడవాళ్లు కనిపిస్తారు.

మధ్యాహ్నం షున్‌పు అనే జాలర్ల పల్లె. ఇక్కడి ఆడవాళ్లు కొప్పు చుట్టూ పూలదండలు వలయాలుగా పెట్టుకుంటారు. పెళ్లికూతురి పూలజడ వేసిన ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది చూడగానే నచ్చేస్తుంది. 2023 నుంచి చైనా నలుమూలల నుంచీ అమ్మాయిలు ఈ పూల కోసం వస్తున్నారు, అందుకే దుకాణాలు బోలెడు. పూలు పెట్టడానికి, దుస్తులకు, ఫొటోలకు ధరలు విడివిడిగా చెబుతారు. మొత్తం ఎంతో ముందే అడగండి. ఫొటోగ్రాఫర్ కన్నా పల్లెలోని పెద్దావిడ చేత పూలు పెట్టించుకోవడం మేలు. వెనక సందుల్లో ఆయిస్టర్ పెంకులతో కట్టిన పాత గోడలున్నాయి. ఎప్పుడో ఓడలు బరువు కోసం నింపుకొచ్చిన పెంకులవి అని చెబుతారు. వాటి మీద ఎక్కొద్దు, పెంకులు ఊడదీయొద్దు.

నాలుగో రోజు: కొండలెక్కేవాళ్లకు

ఇక్కడ సాహసం అంటే తాళ్లు కట్టుకుని దూకడం కాదు. ఎండలో రాతిమెట్లు ఎక్కడం, సముద్రపు గాలిలో కోటగోడ మీద నడవడం. ఒక్క రోజే ఉంటే నేను తొమ్మిది రోజుల కొండకే, అంటే జియురి షాన్‌కే పంపిస్తాను. ఊరికి పడమర, ట్యాక్సీలో అరగంట లోపు. చిన్న కొండ, మోకాళ్లు బాగుంటే పిల్లలూ ఎక్కగలరు. 1174 నుంచి 1266 మధ్య రాతి మీద చెక్కిన గాలి ప్రార్థనలు ఇక్కడ ఉన్నాయి. ఓడలు బయల్దేరేముందూ, తిరిగొచ్చేముందూ అధికారులే స్వయంగా వచ్చి అనుకూలమైన గాలి కోసం పూజ చేసి, ఆ సంగతి రాతి మీద రాయించేవారు. చలికాలపు ఈశాన్య గాలితో ఓడలు దక్షిణానికి పోయేవి, వేసవిలో నైరుతి గాలితో తిరిగొచ్చేవి. మన పొలాలకు వానలు తెచ్చే రుతుపవనాలే వాళ్ల ఓడలనూ నడిపాయి.

ఇంకా ఓపిక ఉన్నవాళ్లు ఊరికి ఉత్తరాన చింగ్‌యువాన్ కొండ ఎక్కొచ్చు. కింద ఒకే బండలో చెక్కిన, తావో మతం మూలపురుషుడు లావోజు విగ్రహం ఉంది. ఎత్తు 5.63 మీటర్లు. చాలామంది దాంతో ఆగిపోతారు, పైకి పోయేకొద్దీ దారి ప్రశాంతంగా ఉంటుంది. లీటరు నీళ్లు, పట్టున్న బూట్లు ఉండాలి. వాన పడ్డ మర్నాడు గ్రానైట్ మెట్లు జారతాయి.

సముద్రం కావాలంటే చోంగ్‌వు. 1387లో సముద్రపు దొంగలను ఆపడానికి కట్టిన గ్రానైట్ కోట అది. ఊరి నుంచి సుమారు 50 కిలోమీటర్లు. గోడ మీద నడుస్తుంటే ఒకవైపు పల్లె ఇళ్లు, ఇంకోవైపు అలలు. ఐదో రోజు కూడా ఉంటే దక్షిణాన ఆన్‌హాయ్‌లోని ఆన్‌పింగ్ వంతెన మీద రెండు కిలోమీటర్లకు పైగా నడవండి. అక్కడికి దూరం కాని త్సావో ఆన్ గుడిలో మానికేయ మతాన్ని స్థాపించిన మణి ప్రవక్త రాతి విగ్రహం, 1339 నాటిది, చూడండి. ఆ మతం లోకంలో దాదాపు అంతరించింది. ఆయన మాత్రం ఇక్కడ పూజలందుకుంటూ కూర్చున్నాడు.

టీకి పిలిస్తే కాదనకండి

చ్వెన్‌జౌ పరిధిలోనే ఉన్న ఆన్‌షీ కొండల్లో పండేది 'థియె గ్వాన్‌యిన్' టీ. ఏ దుకాణంలోకి వెళ్లినా, ఏమీ కొనకపోయినా, వేలెడు గిన్నెలో టీ పోస్తారు. పాలు, చక్కెర ఉండవు. ఖాళీ చేసిన కొద్దీ నింపుతారు. చాలనుకుంటే గిన్నె నింపి ఉంచేయండి. పోసినప్పుడు రెండు వేళ్లతో బల్ల మీద మెల్లగా తడితే అదే కృతజ్ఞత చెప్పినట్టు.

ఈ తీరపు భాష మిన్నాన్. అందులో టీని 'తే' అంటారు. డచ్ వర్తకుల నోటి నుంచి యూరప్‌కు పోయి, ఇంగ్లీషులో 'టీ' అయి, మన దగ్గర తేయాకు, తేనీరు అయింది ఆ 'తే'నే. చైనాలో మిగతాచోట్ల అనే 'ఛా' పారశీకం మీదుగా మనకు చాయ్ అయింది. దుకాణం ఆవిడకు గిన్నె చూపించి 'తే' అనండి. ముఖం వెలిగిపోతుంది.

తిరిగొచ్చాక ఒక్క పని

ఈ ప్రయాణంలో చివరి మెట్టు చైనాలో లేదు. చీరాల దగ్గర మోటుపల్లి వెళ్లి, వీరభద్రస్వామి గుడి మండపంలో గణపతిదేవుడి శాసన స్తంభం చూడండి. తుపానుకు దెబ్బతిని తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకును వెనకటి రాజులు లాక్కునేవారు. ప్రాణం కన్నా ధనం ఎక్కువనుకుని సముద్రం దాటేవాళ్ల సొమ్ము మేం ముట్టం, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాం అని ఆ రాయి మాటిస్తోంది. సరిగ్గా అదే కాలంలో తొమ్మిది రోజుల కొండ మీద చ్వెన్‌జౌ అధికారులు ఓడల కోసం గాలిని ప్రార్థిస్తున్నారు. ఆ కొండ మీద తీసుకున్న ఫొటో ఫోన్‌లో ఉంటుంది కదా, స్తంభం పక్కన నిలబడి ఒకసారి తెరిచి చూడండి.